సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకు విశ్వవిద్యాలయం ఏం చేయగలదు: కృష్ణా తీరం నుంచి ఒక కార్యాచరణ

విశ్వవిద్యాలయంలో సుస్థిర అభివృద్ధి లక్ష్యాల విభాగానికి సమన్వయకర్తగా నియమితులైన అధ్యాపకుడు సాధారణంగా మొదటి వారంలో చేసే పని ఒకటుంది. అన్ని శాఖలకూ ఒక పట్టిక పంపి, గత ఏడాది జరిపిన రక్తదాన శిబిరం, మొక్కలు నాటిన కార్యక్రమం, యోగా దినోత్సవం, వ్యాసరచన పోటీ ఏ లక్ష్యం కిందికి వస్తాయో నింపి పంపమంటాడు. నెల తిరిగేసరికి రంగురంగుల గుర్తులతో వంద పేజీల నివేదిక తయారవుతుంది. ఆ నివేదిక వల్ల ప్రాంగణంలో కారుతున్న ఒక్క కుళాయి కూడా ఆగదు. చేసిన పనులకు కొత్త పేర్లు తగిలించడం వేరు, పేరుకు తగిన పని చేయడం వేరు. ఈ వ్యాసం రెండోదాని గురించి.

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్యదేశాలు ఆమోదించిన కార్యప్రణాళికలో 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు ఉన్నాయి. చాలావాటికి 2030 గడువు. లక్ష్యాల పేర్లు అందరికీ తెలుసు, కానీ చేయవలసిన పని ఉపలక్ష్యాలలో ఉంది. అందరికీ శుభ్రమైన నీరు అన్న ఆరో లక్ష్యం చదివితే ఏ పని మొదలుపెట్టాలో తోచదు. శుద్ధి చేయకుండా వదిలేస్తున్న మురుగునీటి వాటాను సగానికి తగ్గించాలన్న 6.3 చదివితే మన హాస్టల్ వెనుక పారే కాలువ గుర్తుకొస్తుంది. తలసరి ఆహార వృథాను సగానికి తగ్గించాలన్న 12.3 మెస్‌లో చేతులు కడిగే చోట ఉన్న బకెట్టును చూపిస్తుంది. విపత్తులలో పేదలకు జరిగే నష్టాన్ని తగ్గించాలన్న 11.5 విజయవాడ వాసులకు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. కాబట్టి సమన్వయకర్త పట్టిక పంపే ముందు ఆ 169 ఉపలక్ష్యాలనూ ఒక సాయంత్రం కూర్చుని పూర్తిగా చదివి, ప్రాంగణానికి గంట ప్రయాణం లోపల కంటికి కనిపించేవాటి పక్కన గుర్తు పెట్టుకోవాలి.

విశ్వవిద్యాలయానికి మాత్రమే ఉన్న బలం

నీళ్లు, విద్యుత్తు, ఆరోగ్యం, వ్యవసాయం చూడటానికి ప్రభుత్వ శాఖలున్నాయి, స్వచ్ఛంద సంస్థలున్నాయి, 2019 అక్టోబరు నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు కూడా ఉన్నాయి. మరి విశ్వవిద్యాలయం అదనంగా ఇచ్చేదేమిటన్న ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. నా దృష్టిలో జవాబు ఒక్కటే. అధికారి బదిలీ అవుతాడు, స్వచ్ఛంద సంస్థ పథకం నిధులు అయిపోగానే ముగుస్తుంది, ప్రభుత్వం మారితే కార్యక్రమం పేరు మారుతుంది, కానీ రసాయన శాస్త్ర శాఖ నలభై ఏళ్ల తర్వాత కూడా అదే భవనంలో ఉంటుంది. ఒకే బావి నీటిని, ఒకే పొలం దిగుబడిని, ఒకే వీధిలోని వరద మట్టాన్ని పాతికేళ్లపాటు కొలిచి భద్రంగా దాచగల సంస్థ జిల్లాలో మరొకటి లేదు. విశ్వవిద్యాలయం జిల్లాకు జ్ఞాపకశక్తిగా ఉండాలి. ఇక్కడ సూచించిన పనులన్నీ ఆ దృష్టితో ఎంచుకున్నవే.

ఆ మాటకొస్తే మన ప్రాంతానికి ఉన్నంత వెసులుబాటు తక్కువ చోట్ల ఉంటుంది. విజయవాడ, గుంటూరు నగరాల మధ్య జాతీయ రహదారి పక్కనే 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. 1986 నాటి ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలో ఉంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంలో ఉంది. వడ్డేశ్వరం, వడ్లమూడి, నీరుకొండ, ఐనవోలులలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలున్నాయి. మిరప రైతు సమస్యలో సగం వ్యవసాయానిది, పావు వైద్యానిది, మిగతాది అర్థశాస్త్రానిది. ఆ మూడు శాస్త్రాలూ తెలిసినవాళ్లు ఒకరికొకరు గంట దూరంలో ఉండి కూడా సదస్సులలో తప్ప కలుసుకోరు. భాగస్వామ్యం గురించి చెప్పే పదిహేడో లక్ష్యానికి విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం మీద సంతకం చేసిన ఫోటో ఒక్కటే రుజువు కానవసరం లేదు. పక్క ఊరి విశ్వవిద్యాలయంతో కలిసి నడిపే ఒక రిజిస్టరు అంతకన్నా గట్టి రుజువు.

ముందు ఇంటి లెక్క

ప్రాంగణం సొంత లెక్క తేల్చకుండా ఊళ్లోకి వెళ్లకూడదు. ఇందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. మెస్‌తో మొదలుపెడితే అందరికీ అర్థమవుతుంది. రెండు వారాలపాటు ప్రతి పూటా, పళ్లేలలో వదిలేసినదాన్నీ వండి మిగిలినదాన్నీ వేర్వేరు బకెట్లలో వేసి కాటా మీద తూచి, తేదీ, వంటకం, తిన్నవారి సంఖ్య రాయాలి. ఈ రెంటినీ కలిపి తూచడం సాధారణంగా జరిగే పొరపాటు. పళ్లెంలో వదిలినది విద్యార్థి అలవాటు, గిన్నెలో మిగిలినది వంటశాల అంచనా తప్పు, ఒకదానికి పనికొచ్చే మందు రెండోదానికి పనికిరాదు. ఉప్మా పెట్టిన ఉదయం బకెట్టు నిండుతుందని ఏ హాస్టల్ వంటమనిషిని అడిగినా చెబుతాడు. అయితే ఆ మాట కాగితం మీద కిలోలలో కనిపించినప్పుడే వార్డెన్ జాబితా మారుస్తాడు. వెయ్యిమంది తినే చోట మనిషికి రోజుకు నూరు గ్రాములు వదిలినా రోజుకు 100 కిలోలు అవుతుంది. రోజుకు సగటున అంతకు మించి చెత్త పుట్టించే సంస్థలను 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు భారీ ఉత్పత్తిదారులుగా లెక్కించి, తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని చెప్పాయి. నూరు కిలోల ఆహార వ్యర్థాలను గోబర్ గ్యాస్ తరహా ట్యాంకులో వేస్తే వచ్చే వాయువు సుమారు నాలుగైదు కిలోల వంటగ్యాస్‌కు సమానం, అంటే నాలుగు రోజులకు ఒక వాణిజ్య సిలిండరు. మొదట వృథాను తగ్గించి, తగ్గని భాగానికే ట్యాంకు కట్టాలి. ముందే పెద్ద ట్యాంకు కట్టినచోట దాన్ని నింపడానికి చెత్త వెతుక్కోవలసి వస్తుంది.

నీటికి, కరెంటుకు లెక్క ఇంకా తేలిక. ప్రతి బోరుకూ, ప్రతి భవనానికీ మీటరు ఉండాలి. ప్రాంగణమంతటికీ ఒకే మీటరు ఉన్నచోట ఏ భవనం ఎంత వాడుతోందో ఎవరికీ తెలియదు. వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. గుంటూరు ప్రాంతంలో ఏడాదికి 900 మిల్లీమీటర్లకు అటూఇటూగా కురుస్తుందనుకుని, అయిదో వంతు వృథాగా పోయిందనుకున్నా, అంత డాబా నుంచి ఏటా ఏడు లక్షల లీటర్లను ఇంకుడు గుంతలోకి మళ్లించవచ్చు. సౌర పలకల విషయానికి వస్తే, ఒక కిలోవాటుకు దాదాపు పది చదరపు మీటర్ల చోటు కావాలి, మన ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. వంద కిలోవాట్లు పెడితే ఏడాదికి 1.4 లక్షల యూనిట్లు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి అది దాదాపు వంద టన్నుల తగ్గుదల. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. పలకలు పెట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ కడిగించేవాళ్లు తక్కువ. రహదారి దుమ్ము పేరుకున్న పలక ఇచ్చే కరెంటు తగ్గిపోతుంది, కాబట్టి ఒప్పందంలోనే కడిగే బాధ్యత ఎవరిదో రాయించుకోవాలి.

మూడు సమస్యలకు మించి పట్టుకోకూడదు

పదిహేడు లక్ష్యాలలోనూ ఎంతో కొంత చేస్తామనే విశ్వవిద్యాలయం దేనిలోనూ లోతుగా చేయదు. మూడు సమస్యలు ఎంచుకుని, కనీసం పదేళ్లు వదలకుండా పట్టుకోవాలి. ఎంపికకు మూడు ప్రశ్నలు చాలు. సమస్య దగ్గరలో ఉందా? దాన్ని కొలవగల నేర్పు మన శాఖలలో ఉందా? ఫలితం చేతికిస్తే వాడుకునే మనిషి ఒకరైనా పేరుతో సహా మనకు తెలుసా? మూడో ప్రశ్నకు జవాబు లేని పరిశోధన పత్రికలో అచ్చయి అక్కడే ఆగిపోతుంది.

మొదటి సమస్య వరద కావచ్చు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి, కట్టలకు గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో కట్టినప్పటి నుంచి అంత ప్రవాహం రాలేదు. అప్పుడు విశ్వవిద్యాలయాల నుంచి ఆహార పొట్లాలు వెళ్లాయి, అది మంచి పనే. కానీ ఆహారం పంపడానికి ఎందరో ఉన్నారు. నీరు తీసిన వారంలోపు సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు లెవెల్ పరికరంతో వీధి వీధికీ వెళ్లి, గోడల మీద బురద చార ఎంత ఎత్తున ఉందో సముద్రమట్టంతో సరిచూసి పటం గీయడం విశ్వవిద్యాలయం మాత్రమే చేయగల పని. ఆ చార తర్వాతి సంక్రాంతికి వేసే సున్నంతో చెరిగిపోతుంది. ఇప్పటికీ ఆలస్యమైనా చేయవచ్చు: ఏ మెట్టు వరకు, ఏ కిటికీ వరకు నీళ్లు వచ్చాయో అక్కడివాళ్లకు వేలితో చూపించగలిగేంత గుర్తుంది. ఒక ఇంటి మాట నమ్మకుండా, వరుసగా మూడిళ్ల మాట ఒకటైతేనే రాసుకోవాలి. పక్కనే సామాజిక శాస్త్ర విద్యార్థి ఎవరి కుట్టుమిషను పోయింది, ఎవరి ఆటో పాడైంది, ఎవరి సర్టిఫికెట్లు తడిశాయి అన్నది రాయాలి, ఎందుకంటే నష్టపరిహారం జాబితాలలో ఇంటి యజమాని కనిపిస్తాడు గానీ అద్దెకున్నవాడు చాలాసార్లు కనిపించడు. ఈ పటం నగరపాలక సంస్థకు, జలవనరుల శాఖకు, ఆ వీధి సచివాలయానికి చేరాలి. ముందుముందు వచ్చే వరదకు ఫారాలు, పరికరం, నలుగురు మనుషుల పేర్లు ఏటా జూన్ నాటికే సిద్ధంగా ఉండాలి.

రెండో సమస్యగా గుంటూరు విశ్వవిద్యాలయం దేన్ని తీసుకోవాలో మిర్చి యార్డు వైపు నుంచి వీచే గాలే చెబుతుంది. మిరప విషయంలో తెలియవలసినది తెలుసుననే భ్రమ మనకు ఎక్కువ. కోసిన కాయను కల్లంలో నేల మీద ఆరబోస్తారు. ఆరుతున్నప్పుడు వాన పడినా, రాత్రి మంచుకు తేమ పట్టినా బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఐరోపా సమాఖ్య మసాలా దినుసులలో మొత్తం అఫ్లాటాక్సిన్లను కిలోకు 10 మైక్రోగ్రాముల దగ్గర ఆపింది, అందులోనూ బి1 రకాన్ని 5 దగ్గర. కంటికి ఎర్రగా నిగనిగలాడే టిక్కీలో, అంటే మిరప బస్తాలో కూడా అంతకు మించి ఉండవచ్చు. వట్టి నేల, టార్పాలిన్ పట్టా, ఎత్తైన వల, సౌర ఆరబెట్టే గది ఈ నాలుగు పద్ధతులలో ఒకే పొలం కాయను ఆరబెట్టి, తేమనూ విషాన్నీ రంగునూ ఖర్చునూ మూడు నాలుగు సీజన్లు వరుసగా కొలిస్తే, రైతుకు పెట్టుబడి తిరిగొస్తుందో లేదో చెప్పవచ్చు. ఒక్క సీజను ఫలితంతో సలహా ఇవ్వడం నేరమనే అంటాను. 2021లో నల్ల తామర పురుగు పూతను తినేసిన ఏడాది లెక్క చూసి రాసిన సలహాకూ, అంతకు ముందేటి లెక్క చూసి రాసిన సలహాకూ పోలికే ఉండదు. మందులు కొట్టే కూలీల ఆరోగ్యం, శీతల గిడ్డంగుల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గూ చేతుల మంటా వైద్య విద్యార్థులు చూడాలి. కౌలు రైతు అప్పు లెక్క అర్థశాస్త్ర శాఖ చూడాలి. ఆకలి, ఆరోగ్యం, స్త్రీపురుష సమానత్వం, మంచి ఉపాధి, బాధ్యతగల వినియోగం గురించి చెప్పే రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పన్నెండు లక్ష్యాలు ఈ ఒక్క పంటలోనే ఉన్నాయి. అందుకే లక్ష్యాల వెంట పడటం కన్నా పంట వెంట పడటం మేలు.

ఇదే సందర్భంలో ప్రకృతి వ్యవసాయం గురించి ఒక మాట. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ నడిపే కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవాళి పురస్కారంలో భాగం దక్కింది. దాన్ని పొగడటమో తెగడటమో అధ్యాపకుల పని కాదు. పక్కపక్కన ఉన్న ఒక ప్రకృతి వ్యవసాయ పొలాన్నీ ఒక రసాయన వ్యవసాయ పొలాన్నీ ఎంచుకుని, మట్టిలోని సేంద్రియ కర్బనం, దిగుబడి, ఖర్చు, వానపాముల సంఖ్య ఏటా ఒకే నెలలో కొలిచి పదేళ్ల తర్వాత పట్టిక ప్రకటిస్తే, రెండు పక్షాలవాళ్లూ ఆ పట్టిక దగ్గరికే రావలసి ఉంటుంది.

మూడోది తాగునీరు కావచ్చు. పల్నాడు వైపు ఫ్లోరైడ్, డెల్టా చివర ఉప్పు, పొలాల మధ్య నైట్రేటు, ఎక్కడికక్కడ సమస్య వేరు. భారత ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. నైట్రేటు 45 దాటకూడదు. యాభై బావులకు, బోర్లకు నంబర్లు వేసి, వేసవి చివర మేలోనూ వానలు వెనకబట్టాక నవంబరులోనూ ఏటా కొలవాలి. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాలలో మూత్రపిండాల జబ్బు ఎంతమంది ప్రాణాలు తీసిందో తెలిసినవాళ్లకు ఇలాంటి రిజిస్టరు ముప్పై ఏళ్ల కిందటే మొదలై ఉంటే ఎంత ఉపయోగపడేదో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఒక జాగ్రత్త అవసరం. ప్రత్యామ్నాయం ఎవరిస్తారో తేల్చుకోకుండా ఊరివాళ్లతో మీ నీళ్లు విషమని చెప్పి వచ్చేయకూడదు. గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరును వెంటబెట్టుకుని వెళ్లాలి.

చిన్న విశ్వవిద్యాలయానికి ఇవన్నీ బరువనిపిస్తే ఇంకా చిన్నవి ఉన్నాయి. కొండపల్లి బొమ్మకు కావలసిన తెల్ల పొణికి కర్ర కొరతను తీర్చే పనిని వృక్షశాస్త్ర శాఖ ఒక నర్సరీతో మొదలుపెట్టవచ్చు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల మీద వాలే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను జంతుశాస్త్ర విద్యార్థులు ఏటా ఒకే తేదీన లెక్కపెట్టవచ్చు.

విద్యార్థులను ఎలా కలపాలి

జాతీయ సేవా పథకం 1969 నుంచి ఉంది, విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఉన్నత విద్యాసంస్థలను ఊళ్లతో కలిపే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఒక్కో సంస్థ అయిదు ఊళ్లను దత్తత తీసుకుంటుంది. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టు కూడా ఉంది. అంటే గంటలకు, క్రెడిట్లకు లోటు లేదు. లోటంతా కొనసాగింపులో ఉంది. ప్రతి బ్యాచ్ కొత్త ప్రశ్నావళితో అదే ఊరికి వెళ్లి, మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా అని అడుగుతుంది. మళ్లీ వచ్చారా బాబూ, పోయినేడు చెప్పినదంతా ఏమైందని అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ అడిగితే పిల్లల దగ్గర జవాబుండదు. కాబట్టి ఊరికి ఒకే రిజిస్టరు ఉండాలి, అది సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారాలి, కొత్త బ్యాచ్ మొదటి రోజున పాత ఫలితాన్ని ఊరివాళ్లకు చదివి వినిపించాకే కొత్త ప్రశ్న అడగాలి. వాడుకోని ప్రశ్న అడగకూడదు. ఆధార్ నంబర్లు, కులం వివరాలు అవసరం లేకుండా రాసుకోకూడదు. తిరగడానికి ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత సమయం పెట్టాలి. 2015 మేలో వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారన్న సంగతి వేసవి ప్రాజెక్టు రూపొందించేవారికి గుర్తుండాలి.

పీహెచ్‌డీ అంశాలలో కొన్నింటిని ఈ మూడు సమస్యలకే కేటాయించి, ప్రతి సిద్ధాంత గ్రంథానికీ నాలుగు పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. పర్యవేక్షకులు దీనికి నసుగుతారు, ఇంగ్లిషులో దాక్కోగలిగిన అస్పష్టత తెలుగులో దాక్కోలేదు కాబట్టి.

అధికారం, డబ్బు, నివేదిక

ఒక ఉత్సాహవంతుడి మీద ఆధారపడిన పని ఆయన పదవీ విరమణతో ముగుస్తుంది. అందువల్ల ఎంచుకున్న మూడు సమస్యలను పాలకమండలి తీర్మానంగా చేయించి, బడ్జెట్‌లో చిన్నదైనా స్థిరమైన పద్దు పెట్టించాలి. రిజిస్టర్లన్నీ శాఖాధిపతి బీరువాలో ఉండకూడదు, గ్రంథాలయంలో నంబరు వేసి ఉంచాలి, కంప్యూటరు ప్రతి ఎవరైనా తీసుకునేలా ఉండాలి. అధ్యాపకుడి పదోన్నతి లెక్కలో పత్రికా వ్యాసానికి ఇచ్చే విలువలో కొంతైనా పదేళ్ల కొలతకు ఇవ్వకపోతే యువ అధ్యాపకులు ఇటువైపు రారు, వారిని తప్పుపట్టలేం.

ర్యాంకుల సంగతి చివరికి మిగిలింది. ఈ లక్ష్యాలకు విశ్వవిద్యాలయాలు చేసిన కృషిని కొలవడానికి టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ 2019లో మొదలుపెట్టిన ప్రభావ ర్యాంకులలో, మొత్తం ర్యాంకు కావాలంటే పదిహేడో లక్ష్యం తప్పనిసరి, దానితోపాటు సంస్థ బాగా చేసిన మరో మూడు లక్ష్యాలను లెక్కిస్తారు. మూడింటికే పరిమితం కమ్మన్న సలహా అక్కడా నష్టం చేయదు. నివేదికలో విఫలమైనవి కూడా రాయాలి. నేను పనిచేసిన ఒక కళాశాలలో జూలైలో 500 మొక్కలు నాటాం, నివేదికలో 500 అని రాశాం. మరుసటి జూన్‌లో లెక్కపెడితే నలభై కూడా లేవు, ఆ అంకె ఏ నివేదికలోనూ చేరలేదు. మరుసటి ఏడు అదే గుంతలలో మళ్లీ నాటించి మళ్లీ ఫోటో తీయించారు.

మొదలుపెట్టే ఏడాదికి ఒక క్రమం చెబుతాను. జూన్, జూలైలలో ఉపలక్ష్యాలు చదవడం, మెస్ తూకం, మీటర్లు. ఆగస్టులో పక్క విశ్వవిద్యాలయాలవారితో ఒక సమావేశం, దండలూ శాలువాలూ లేకుండా. సెప్టెంబరులో మూడు సమస్యల తీర్మానం. నవంబరులో బావుల తొలి కొలత. జనవరి నుంచి మార్చి దాకా కల్లాలు. మేలో బావుల రెండో కొలత. ప్రతి రిజిస్టరులోనూ ఆఖరి గడి ఒకటి అదనంగా గీయించాలి: ఈ ఫలితం ఎవరి చేతికి ఇచ్చాం, ఏ తేదీన, వారి సంతకం.